రత్నం చెన్నై వెళ్దామంది

గోడ కింద నుంచి బయటికి లాగిన తరువాత రత్నం అడిగిన మొదటి మాట, "నా కాళ్ళ మీద ఎవులు కూకున్నారండీ? లెగమనండి" అని.

ఎవరూ కూర్చోలేదు. బ్లాకులన్నీ అప్పటికే తీసేశాం. ఆమె కాళ్ళ మీద పొద్దుటి ఎండ తప్ప ఏమీ లేదు. నేను నవ్వుతూ "ఎవరూ లేరే, లే" అన్నాను. లేవలేదు. అప్పుడు చూసుకున్నాను, ఆమె కుడి పాదం నా చేతిలోనే ఉంది. నేను పట్టుకున్నానని ఆమెకు తెలియడం లేదు.

మేము అప్పట్లో అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్ దగ్గర సిప్పీఘాట్‌లో ఉండేవాళ్ళం. పెళ్ళయి రెండేళ్ళయింది. ఆ ఆదివారం భూమి ఊగినప్పుడు నా భార్య నూకరత్నం వెనక వసారాలో ముఖం కడుక్కుంటోంది. బ్లాకుల గోడ ఆమె నడుము మీద పడింది. నేనూ, పక్కింటి బెంగాలీ మండల్ భయ్యా కలిసి మా ఇంటి తలుపు ఊడదీసి, దాని మీద ఆమెను పడుకోబెట్టి రోడ్డు మీదికి మోశాం. మేము మెరకకు చేరేసరికి కింద పొలాల్లోకి ఉప్పునీళ్ళు వస్తున్నాయి. సునామీ అనే మాట అప్పటికి మాకెవరికీ తెలియదు. ఆ నీళ్ళు మళ్ళీ వెనక్కి పోలేదు. మా వంటిల్లు ఉన్న చోట ఇవాళ్టికీ సముద్రమే ఉంది.

పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో వరండా నిండా మనుషులే. ఒక డాక్టరు గారు ఎక్స్-రేను కిటికీ వెలుగుకు పట్టుకుని చూసి, "ఎల్-వన్ బర్స్ట్ ఫ్రాక్చర్. స్పైనల్ కార్డ్‌కు దెబ్బ తగిలింది. ఇక్కడ స్పైన్ సర్జరీ నహీఁ హోతా, చెన్నై భేజేంగే" అన్నారు. కొన్ని రోజుల తరువాత ఓడలో స్ట్రెచర్ మీద చెన్నై తీసుకెళ్ళాను. వెన్నులో రాడ్లు వేశారు. మూడు నెలలు అక్కడే ఉన్నాం.

ఆ మూడు నెలల గురించి ఒక సంగతి చెప్పాలి. తరువాత నేను చేసిన తప్పు అక్కడే మొలకెత్తింది.

నాకు హిందీ వచ్చు, తెలుగు వచ్చు. పోర్ట్ బ్లెయిర్ బజారులో బేరమాడే తమిళం వచ్చు. డాక్టర్లు మాట్లాడే తమిళం రాదు, వాళ్ళ ఇంగ్లీషు అంతకన్నా రాదు. పొద్దున్నే రౌండ్స్‌కు వచ్చి పెద్ద డాక్టరు గారు చాలాసేపు వివరంగా చెప్పేవారు. నేను చేతులు కట్టుకుని తల ఊపేవాణ్ణి. ఆయన వెళ్ళగానే రత్నం "ఏటన్నారండీ?" అనేది. "తగ్గిపోతుందన్నారు. నడుస్తావట" అనేవాణ్ణి. నెలరోజులు అలాగే చెప్పాను. ఒకరోజు ఢిల్లీలో పని చేసి వచ్చిన ఒక మలయాళీ సిస్టర్ నన్ను పక్కకు పిలిచి హిందీలో, "భయ్యా, ఆప్ ఉన్‌కో ఝూఠ్ క్యోఁ బోల్ రహే హైఁ? నడవలేరని డాక్టర్ మొదటి రోజే చెప్పారు కదా" అంది. నేను చెప్పింది అబద్ధం కాదు, నాకే అర్థం కాలేదని ఆమెకు చెప్పడానికి కూడా సిగ్గేసింది. ఆ రోజు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మన భాష తెలిసిన డాక్టరు దగ్గరికి వచ్చి ఉంటే ఈ గతి పట్టేది కాదని నాలో ఒక మొండిపట్టు పుట్టింది.

రత్నానికి చెన్నై మీద ఏ కోపమూ లేదు. పక్క మంచాల వాళ్ళ దగ్గర తమిళం నేర్చేసుకుంది. ఆ సిస్టర్ దగ్గర యూరిన్ తీసే కెథెటర్ గొట్టం స్వయంగా వేసుకోవడం నేర్చుకుంది. నాలుగు గంటలకొకసారి వేసుకోవాలి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి, యూరిన్ రంగు మారితే వెంటనే చూపించుకోవాలి. నాకు చెప్పినవన్నీ నేను మరిచిపోతాను గానీ ఆమె ఒక్కటీ మరిచిపోలేదు.

తిరిగి వచ్చాక కొన్నాళ్ళు రేకుల షెల్టరులో ఉండి, పోర్ట్ బ్లెయిర్‌లో డైరీ ఫార్మ్ అనే పేటలో మెట్లు లేని ఒక గది అద్దెకు తీసుకున్నాం. ముందు భాగంలో జిరాక్స్ షాపు పెట్టాను. జిరాక్స్ నా పని, లామినేషన్ రత్నం పని. వీల్‌ఛెయిర్‌ను బల్ల కిందికి తోసుకుని కూర్చునేది. షాపుకు వచ్చిన వాళ్ళంతా "రత్నా దీదీ" అని ఆమెతోనే మాట్లాడేవాళ్ళు, నన్ను మిషన్‌లో ఒక భాగం అనుకునేవాళ్ళు. నేను ఉడుక్కుంటే, "మీ ముఖం చూస్తే గిరాకీ తిరిగి పోద్ది. అటు తిరిగి నిలబడండి" అని నవ్వేది. మాకు పిల్లలు లేరు. కానీ బాగున్నాం. బాగున్నామని ఇప్పుడు తెలుస్తోంది.

వికలాంగులకు సర్కారు ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు ఆమెకు వచ్చింది. ఆ కార్డు ఉంటే మెయిన్‌లాండ్‌లో సర్కారుతో ఒప్పందం ఉన్న ప్యానెల్ ఆసుపత్రుల్లో డబ్బు కట్టకుండా వైద్యం చేయించుకోవచ్చు. నేను దానికి లామినేషన్ చేశాను. చాలదని దాని మీద ఇంకో పొర కూడా వేశాను. మా దీవుల్లో ఉప్పుగాలికి, వానకు ఏ కాగితమూ నిలవదు. అందుకని ఇక్కడి వాళ్ళం ఏ కార్డు వచ్చినా ముందు లామినేషన్‌కు పరిగెడతాం. నేనైతే ఆ షాపే పెట్టుకున్నవాణ్ణి.

సునామీ వచ్చిన ఏడో ఏడు ఒక మధ్యాహ్నం రత్నం లామినేషన్ మిషన్ ముందు కూర్చుని వణికింది. మిషన్ వేడికి చెమటలు పట్టే గదిలో ఆమె దుప్పటి అడిగింది. యూరిన్ చిక్కగా, మజ్జిగ రంగులో వచ్చింది. ఆసుపత్రిలో ఇంజెక్షన్లు ఇస్తే తగ్గింది. నెలకే మళ్ళీ వచ్చింది. మూడోసారికి అల్ట్రాసౌండ్ తీశారు.

"బ్లాడర్‌లో ప్రెషర్ పెరిగి యూరిన్ వెనక్కి కిడ్నీల్లోకి పోతోంది," అని డాక్టరు గారు చెప్పారు. "రెండు కిడ్నీలూ ఉబ్బాయి, హైడ్రోనెఫ్రోసిస్ అంటారు. క్రియాటినిన్ పెరుగుతోంది. యూరాలజిస్ట్ చూడాలి, ఇక్కడ లేరు. రెఫరల్ రాస్తాను. నెక్స్ట్ షిప్‌కే వెళ్ళండి."

"చెన్నై పోదామండీ," అంది రత్నం అక్కడే. "నా పాత ఫైలు అక్కడే ఉంది. సిస్టర్లకి నేను తెలుసు."

నేను డాక్టరు గారు రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. రెఫరల్ రూముకు వెళ్ళాను. గోడ మీద ప్యానెల్ ఆసుపత్రుల లిస్టు అంటించి ఉంది. చెన్నైవి చాలా ఉన్నాయి. కింద చివరి వరుసలో విశాఖపట్నం ఆసుపత్రి ఒకటి ఉంది. ఆ పేరు చూడగానే నా ప్రాణం లేచి వచ్చింది.

మా నాన్న భీమిలి దగ్గర పల్లె నుంచి ఈ దీవులకు కూలికి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. ఆ దేశం నేను చూసింది రెండేసార్లు, అదీ చిన్నప్పుడు. అయినా మా ఇళ్ళల్లో విశాఖపట్నాన్ని "మన దేశం" అంటాం. ఈ దీవుల్లో పుట్టి ఈ దీవుల్లోనే పోయేవాళ్ళు కూడా అలాగే అంటారు. చెన్నై ఓడ నాలుగు రోజుల్లో ఉంది. విశాఖపట్నం ఓడ నెలకొకటే, దానికి పదహారు రోజులుంది.

"చెన్నై లిఖ్ దూఁ, భయ్యా?" అని అడిగింది బల్ల దగ్గరి మేడమ్.

"నహీఁ మేడమ్. విశాఖపట్నం లిఖియే."

ఆమె కలం ఆపింది. "లిస్ట్ పురానీ హై, పాతది. ఒకసారి ఫోన్ చేసి పూఛ్ లో."

"పూఛ్ లూంగా," అన్నాను. అడగలేదు. లిస్టులో ఉంది కదా, మనవాళ్ళే కదా, అనుకున్నాను. ఊరందరి కాగితాలూ నా చేతుల మీదుగా పోతాయి, కాగితాల సంగతి నాకొకరు చెప్పాలా అన్న పొగరు కూడా ఉంది. సిగ్గు విడిచి రాస్తున్నాను.

ఇంటికి వచ్చి చెప్తే రత్నం వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది. తరువాత, "పదహారు రోజులా?" అంది.

"ఇంజెక్షన్లకి జ్వరం తగ్గింది కదా. అక్కడ డాక్టరు మన మాటలో చెప్తాడు. నువ్వే అడుగు, నువ్వే విను. నేను తల ఊపక్కర్లేదు."

"చెన్నై అయితే బేగి అవుద్ది," అంది. ఇంకొక్కసారి, మెల్లగా అంది. నేను వినలేదు. ఆ తరువాత ఆమె ఆ మాట ఎత్తలేదు.

ఆ పదహారు రోజుల్లో నేను కొత్త చొక్కా కుట్టించుకున్నాను. రిపోర్టులన్నీ మూడేసి కాపీలు తీసి ఫైళ్ళు కట్టాను. పదమూడో రోజు ఆమెకు మళ్ళీ వణుకు వచ్చింది. ఇంజెక్షన్ చేయించి ఓడ ఎక్కించాను. హేడో రేవులో నలుగురు ఖలాసీలు వీల్‌ఛెయిర్‌ను గ్యాంగ్‌వే మెట్ల మీదుగా ఎత్తి ఎక్కించారు. మూడు రోజుల ప్రయాణంలో ఆమె బంక్ మీదే పడుకుంది. పొద్దున్నే దూరంగా కొండ కనిపించగానే నేను కిందికి పరిగెత్తి, "రత్నం, మన దేశం వచ్చింది" అన్నాను. ఆమె కళ్ళు తెరిచి నవ్వింది. ఒళ్ళు కాలిపోతోంది.

రేవు నుంచి తిన్నగా ఆసుపత్రికే వెళ్ళాం. బోర్డులన్నీ తెలుగులో ఉన్నాయి. నేను ఒక్కొక్కటీ పైకి చదివాను. రత్నం హిందీ మీడియంలో చదువుకుంది, తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు. కౌంటర్లో మా అమ్మ వయసావిడ ఉంది.

"ఏ ఊరు బాబూ మీది?"

"అండమానండీ. అసలు మాది భీమిలి దగ్గర."

"ఓలమ్మ, మా అత్తోరిది కూడా అటేపే," అని ఆవిడ ముఖం విప్పారింది. రత్నం వైపు చూసి, "పాపం, తల్లి ఎలగైపోయిందో చూడు. కార్డిలా తే బాబూ" అంది.

మిషన్ కార్డును తీసుకోలేదు. రెండుసార్లు లామినేషన్ చేశాను కదా, మందం ఎక్కువై లోపలికి దూరలేదు. ఆవిడ బ్లేడు ఇచ్చింది. నేను కౌంటర్ మీద పెట్టి అంచులు కోసి, ప్లాస్టిక్ పొర ఒలిచాను. బ్లేడు జారి ఒక మూల కార్డు కూడా కొంచెం తెగింది. అయినా మిషన్ ఈసారి తీసుకుంది. నేను రత్నం వైపు తిరిగి చేయి ఊపాను, అయిపోయింది అన్నట్టు.

ఆవిడ స్క్రీన్ చూసి, ఇంకోసారి చూసి, లోపలికి వెళ్ళి ఎవరినో అడిగి వచ్చింది. "బాబూ, మీ దీవుల ఇన్సూరెన్సుతో మా ఆసుపత్రి ఒప్పందం అయిపోయి చానా నెలలైంది. మళ్ళీ రాసుకోలేదు."

"లిస్టులో ఉందమ్మా."

"అక్కడ ఉంటే ఉండొచ్చు బాబూ. ఇక్కడ లేదు. మీకు ఆంధ్రా కార్డేమైనా ఉందా? ఉంటే ఇప్పుడే బెడ్డు ఇప్పిస్తాను."

లేదన్నాను. మా రేషన్ కార్డు, ఓటు, ఇల్లు అన్నీ దీవుల్లోవే. ఏం చెప్పాలో తోచక, "మేమూ తెలుగోళ్ళమేనమ్మా" అన్నాను. ఆవిడ తల దించుకుంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నిజం చెప్తున్నాను. నాకు ప్రతి మాటా అర్థమైంది. చెన్నైలో ఒక్క మాట అర్థం కాకపోయినా ఆపరేషన్ జరిగింది.

అక్కడి నుంచి సర్కారు పెద్దాసుపత్రికి వెళ్ళాం. చేర్చుకున్నారు, కాదనను. మంచాలు లేవు. కింద చాప మీద పడుకోబెట్టి సెలైన్ పెట్టారు. రత్నానికి నడుము కింద స్పర్శ లేదు, రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, మెత్తటి పరుపు ఉండాలి. నాలుగో రోజుకు నడుము కింద పుండు పడింది. అక్కడి కుర్ర డాక్టరు రాత్రీపగలూ పని చేస్తున్నవాడిలా ఉన్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "యూరాలజీ ఆపరేషన్ టేబుల్ మీద ఈమె వంతు ఎప్పుడొస్తుందో నేను చెప్పలేనండి. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పోతోంది. మీ కార్డు చెల్లే చోటు ఏదైనా ఉంటే ఇవాళే తీసుకెళ్ళండి" అన్నాడు.

చెన్నైకి రైలెక్కాం. రత్నాన్ని కింది బెర్తు మీద పడుకోబెట్టి నేను కింద కూర్చున్నాను. ఆమె ఏదేదో మాట్లాడింది. సిప్పీఘాట్ ఇంట్లో బట్టలు ఆరేసి వచ్చానని, వాన వస్తుందని, తీసుకురమ్మని అంది. తీసుకొచ్చాను పడుకో అన్నాను.

పాత ఆసుపత్రిలో, మూల తెగిన ఆ కార్డును మిషన్ పెట్టగానే చదివింది. అర నిమిషం కూడా పట్టలేదు. స్ట్రెచర్ మీద ఐసీయూకి తీసుకెళ్ళిపోయారు. ఆ మలయాళీ సిస్టర్ ఇంకా అక్కడే ఉంది, జుట్టు నెరిసింది. డాక్టరు గారు చెప్పిందంతా ఆమే నాకు హిందీలో చెప్పింది. సెప్సిస్. బీపీ పడిపోయింది. కిడ్నీలు రెండూ పని చేయడం లేదు, డయాలసిస్ పెట్టారు. ప్రాణం దక్కుతుంది. కిడ్నీలు తిరిగి వస్తాయన్న నమ్మకం లేదు.

"ఆ మొదటి ఓడకే తెచ్చి ఉంటే?" అని అడిగాను.

ఆమె ఆ ప్రశ్న డాక్టరు గారిని అడిగింది. ఆయన నా భుజం మీద చేయి వేశారు. దానికి ఎవరూ అర్థం చెప్పనక్కర్లేకపోయింది.

రెండు నెలల తరువాత తిరిగి వచ్చాం. అప్పటికి పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో డయాలసిస్ మిషన్లు వచ్చాయి. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. మిగతా రోజుల్లో ఓపిక ఉంటే లామినేషన్ మిషన్ ముందు కూర్చునేది. రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగాలో కొలత ఉండేది. చుట్టూ ఇంత నీరు పెట్టుకుని గుక్కెడు నీళ్ళకు లెక్కేమిటండీ అని నవ్వేది. మధ్యలో డయాలసిస్ సూదుల కోసం చేతిలో చేసిన ఫిస్టులా మూసుకుపోయింది, మళ్ళీ చెన్నై, మళ్ళీ ఓడ. నడుము పుండు మానడానికి ఏడాది పట్టింది. అలా మూడేళ్ళు బతికింది.

ఆ మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె నన్ను దెప్పలేదు. అదే నన్ను తినేసేది. చివరి వానాకాలంలో ఒక మధ్యాహ్నం డయాలసిస్ నడుస్తుండగా ఉండబట్టలేక అడిగేశాను. "నీకు తెలుసు చెన్నైయే మంచిదని. గట్టిగా ఎందుకు పోట్లాడలేదు? నా చొక్కా పట్టుకుని అడగొచ్చు కదా."

ఆమె సూది లేని చేత్తో దుప్పటి మెడ దాకా లాక్కుంది.

"గోడ పడ్డ కాడ్నుంచీ మీరు నవ్వింది లేదండీ," అంది. "షాపులో నవ్వేవారు, అది నా కోసం. ఆ పదహారు రోజులూ మాత్రం నిజంగా ఖుషీగా ఉన్నారు. కొత్త కమీజు ఏసుకుని అద్దంలో చూసుకున్నారు. మీ నాన్న ఊరు చూపిస్తానన్నారు. నేను ఎలాగూ అస్పతాల్‌కే కదా పోయేది, ఏ అస్పతాల్ అయితే ఏటి, ఈయన సంతోషం ఎందుకు చెడగొట్టాలి అనీసి ఊరుకున్నాను. ఇంత అవుద్దని నాకూ తెల్దు."

ఆ తరువాత ఐదు వారాలకు పోయింది. గుండె ఆగిందన్నారు. పొటాషియం పెరిగిందన్నారు. ఆ మాటలన్నీ ఈసారి నాకు అర్థమయ్యాయి.

నేను ఇప్పటికీ డైరీ ఫార్మ్‌లోనే ఉన్నాను, అదే గది, అదే షాపు. లామినేషన్ నాకు సరిగా రాదు, బుడగలు వస్తాయి. ఇన్సూరెన్స్ కార్డు తెస్తే మాత్రం చేయనని చెప్పేస్తాను, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ఇస్తాను. ఇది చదివేవాళ్ళలో నాలాగా కార్డు మీద ఆధారపడిన వాళ్ళుంటే ఒక్క మాట చెప్పగలను. గోడ మీది లిస్టును నమ్మి ఓడో రైలో ఎక్కకండి. బయల్దేరే ముందు ఆ ఆసుపత్రి ఇన్సూరెన్స్ కౌంటర్‌కు ఫోన్ చేయండి. కార్డు నంబరు చెప్పి, ఈ జబ్బుకు ఈ కార్డు ఇవాళ చెల్లుతుందా అని అడగండి. చెల్లుతుందంటే చెప్పినవారి పేరు రాసుకుని, ఆ మాట కాగితం మీద తెప్పించుకోండి. భాష ఏదైనా ఫరవాలేదు.

నా షాపులో ఫోన్ బల్ల మీదే పెట్టాను, ఎవరైనా చేసుకోవచ్చు. రెఫరల్ కాగితం జిరాక్స్‌కు తెచ్చినవాళ్ళను, పేషెంట్ ఎక్కడికి వెళ్దామన్నారు అని అడుగుతాను. చాలామంది విచిత్రంగా చూస్తారు. మొన్న ఒకాయన, "ఉస్‌కో క్యా మాలూమ్, భయ్యా. ఆమెకేం తెలుసు, అన్నీ నేనే చూసుకుంటాను" అన్నాడు. నేను మిషన్ ఆన్ చేయలేదు. ఇంటికెళ్ళి ఆమెను అడిగి రమ్మన్నాను, ఒకసారి కాదు, రెండుసార్లు అడగమన్నాను.